"నా ఒంటికి పరుగు పడదేమో అక్కా" అని అడిగిన నెల్లూరు చెల్లెలికి

చెల్లీ, మీరు రాసిందంతా చదివాను. వయసు ముప్పై నాలుగు, ఇద్దరు పిల్లలు, ఇల్లు వేదాయపాలెంలో, పుట్టిల్లు కనిగిరి దగ్గర. ఆగస్టులో ఏసీ సుబ్బారెడ్డి స్టేడియంలో పరుగు మొదలుపెట్టారు. మూడో వారానికి మోకాలి కింద ముందు ఎముక నొప్పి. రెండు వారాలు ఆపి మళ్లీ వెళితే ఈసారి మోకాలు పట్టుకుంది. అది తగ్గిందనుకునేలోపు కుక్కలు వెంటపడ్డాయి, ఆ తర్వాత వానలు. ఆయాసం మాత్రం మొదటి రోజు ఎలా ఉందో ఇప్పటికీ అలాగే ఉంది. సంక్రాంతి తర్వాత జరిగే 5 కిలోమీటర్ల రన్‌కి ముందే పేరిచ్చేశారు. ఇంట్లో అత్తగారేమో "గర్భసంచి జారుతుంది, మానెయ్" అంటున్నారు. పరుగు మానేసి వాకింగ్‌తో సరిపెట్టుకోమంటారా అన్నది మీ ప్రశ్న.

వాకింగ్ తక్కువదేమీ కాదు. మీకు అదే ఇష్టమైతే నిక్షేపంగా చేసుకోండి. కానీ పరుగు పడక మానేస్తున్నానంటే మాత్రం నేను ఒప్పుకోను. మీరు రాసినవాటిలో పరుగు పడదని చెప్పే లక్షణం ఒక్కటీ నాకు కనిపించలేదు. ఒక్క ఆయాసం సంగతి మాత్రం తేల్చుకోవాలి, దాని దగ్గరికి తర్వాత వస్తాను. నేను ప్రకాశం జిల్లా హైస్కూళ్లలో పీఈటీగా, అంటే వ్యాయామం టీచర్‌గా పనిచేసి రిటైరయ్యాను. ఇప్పుడు ఒంగోలు పీవీఆర్ హైస్కూల్ గ్రౌండ్‌లో పొద్దున పూట కానిస్టేబుల్ ఈవెంట్స్‌కి, అంటే ఆ ఉద్యోగానికి పెట్టే పరుగు లాంటి పరీక్షలకు తయారయ్యే ఆడపిల్లలకు, వాళ్లతో పాటు మీలాంటి గృహిణులకు నేర్పుతుంటాను. డాక్టర్ని కాదు. డాక్టర్ దగ్గరికి వెళ్లాల్సిన చోట వెళ్లమనే చెబుతాను.

మీ కథంతా మీరు రాసిన ఒక్క వాక్యంలో ఉంది. "మొదటి రోజే ఈవెంట్స్ అమ్మాయిల వెనకాలే రెండు రౌండ్లు వేశాను" అన్నారు. ఆ అమ్మాయిలు 1600 మీటర్లు 10 నిమిషాల 30 సెకన్లలో పూర్తి చేయాలి, లేకపోతే ఉద్యోగం లేదు. అంటే కిలోమీటరుకు ఆరున్నర నిమిషాల చిల్లర. వాళ్లకు ఇరవై, ఇరవై రెండేళ్లుంటాయి. నెలల తరబడి చేస్తున్నారు. కాలు నొప్పెట్టినా పళ్లు బిగించి లాగేస్తారు, ఎందుకంటే నోటిఫికేషన్ మళ్లీ ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియదు. మీకు ఆ తొందర లేదు. వాళ్ల వేగంతో మీకు పనిలేదు.

మీ వేగం ఎంతుండాలంటే, పరిగెడుతూ పక్కన ఉన్న మనిషితో "రేపు పిల్లల బాక్సులోకి ఏం చేయాలో ఇంకా అనుకోలేదు" అని మధ్యలో ఆగకుండా చెప్పగలగాలి. నాలుగు మాటలకే ఊపిరి తెగిపోతోందంటే వేగం ఎక్కువైనట్టే. ఒంటరిగా వెళితే మనసులో కాదు, పైకే చెప్పి చూసుకోండి. ఎవరేమనుకున్నా పర్లేదు. మొదట్లో ఈ వేగం నడకకన్నా కాస్త ఎక్కువే ఉంటుంది. వాకింగ్‌కి వచ్చే పెద్దాయన ఒకాయన మిమ్మల్ని దాటుకుని వెళ్లిపోతాడు. వెళ్లనివ్వండి. నా దగ్గరికి వచ్చే ఆడవాళ్లకు అన్నిటికన్నా కష్టమయ్యేది ఇదే. పరిగెత్తమంటే పరిగెత్తుతారు, నిదానంగా పరిగెత్తమంటే సిగ్గుపడతారు.

ఇంత నిదానం ఎందుకంటే, దమ్ము త్వరగా వస్తుంది, ఎముక ఆలస్యంగా వస్తుంది. గుండె, ఊపిరితిత్తులు కొన్ని వారాల్లోనే పుంజుకుంటాయి. ఎముకకూ, కండను ఎముకకు పట్టి ఉంచే స్నాయువుకూ నెలలు కావాలి. పైగా కొత్త బరువు పడినప్పుడు ఎముక గట్టిపడే ముందు తనలోని పాత భాగాన్ని కొంత కరిగించుకుంటుంది. అందుకే మూడో వారం, నాలుగో వారం దగ్గర చాలామంది కాలు పట్టుకుని కూర్చుంటారు. సరిగ్గా అప్పుడే దమ్ము కాస్త వచ్చి, హుషారు పెరిగి, ఇంకో రౌండు వేద్దామనిపిస్తుంది. మీకు జరిగిందీ ఇదే.

రెండు వారాలు ఆపారు, నొప్పి పోయింది. నొప్పి పోవడం వేరు, కాలు సిద్ధమవడం వేరు. మీరు ఆపిన చోటే అందుకున్నారు, ఆ భారం ఈసారి మోకాలి మీద పడింది. నేను చూసినవాళ్లలో పరుగు మానేసినవాళ్లంతా దాదాపు ఇలాగే మానేశారు. మొదటి దెబ్బకు ఎవరూ మానరు. తిరిగొచ్చి పాత లెక్కతోనే మొదలుపెట్టి, రెండో దెబ్బ తగిలాక "నా ఒంటికి పడదు" అంటారు. కాబట్టి తిరిగొచ్చే పద్ధతి ముందే అనుకుని పెట్టుకోవాలి. జలుబో, పెళ్లో, పిల్లల పరీక్షలో వచ్చి వారం పోతే ఆగినచోటి నుంచే మొదలుపెట్టవచ్చు. రెండు మూడు వారాలు పోతే, చివర్లో నేను చెప్పే ప్లానులో రెండు వారాలు వెనక్కి వెళ్లాలి. నెల దాటితే మళ్లీ మొదటి వారం. బాధపడకండి, రెండోసారి మొదటి వారం ఎప్పుడూ తేలిగ్గానే గడుస్తుంది. డెంగీ, చికున్‌గున్యా లాంటివి వస్తే మాత్రం ఈ లెక్క పనికిరాదు. చికున్‌గున్యా కీళ్ల నొప్పులు వారాలు, ఒక్కోసారి నెలలు ఉంటాయి, అవి తగ్గేదాకా నడకే.

దెబ్బ తగలడం మీ ఒక్కరి లోపమేమీ కాదు. వారానికి పది శాతం కన్నా ఎక్కువ పెంచకపోతే దెబ్బే తగలదని మీకు ఎవరో ఒకరు చెప్పే ఉంటారు. నెదర్లాండ్స్‌లోని గ్రోనింగెన్‌లో కొత్తగా పరుగు మొదలెట్టిన 532 మందిని రెండు జట్లు చేసి, ఒక జట్టుకు 8 వారాల ప్లాను, రెండో జట్టుకు ఇంకా మెల్లగా పెంచే 13 వారాల ప్లాను ఇచ్చి చూశారు. 2008లో ఫలితం వచ్చింది. రెండు జట్లలోనూ ఇంచుమించు ఐదుగురిలో ఒకరికి ఏదో ఒక దెబ్బ తగిలింది. మెల్లగా పెంచడం నేను మాననుగానీ, అంత జాగ్రత్తగా చేసినవాళ్లకే తగిలినప్పుడు ఈవెంట్స్ పిల్లల వెనక పరిగెత్తిన మీకు తగలడంలో వింతేముంది?

ఇప్పుడు ఆ ఎముక నొప్పి. రాత్రి మంచం మీద కూర్చుని, కాలు చాపి, ముందు ఎముక లోపలి అంచు వెంట బొటనవేలితో కింద నుంచి పైకి నొక్కుకుంటూ రండి. బెత్తెడు మేర అక్కడక్కడా సలుపుగా అనిపిస్తే అది కొత్తవాళ్లకు మామూలుగా వచ్చే నొప్పి. పరుగు తగ్గించి, నడక పెంచితే పోతుంది. అలా కాక రూపాయి బిళ్లంత చోట మాత్రమే నొక్కగానే ప్రాణం పోయినట్టుంటే, పడుకున్నప్పుడు కూడా నొప్పి ఉంటే, ఆ కాలి మీద ఒక్కసారి గెంతినా జివ్వుమంటే, పరుగు ఆపి ఎముకల డాక్టర్‌ని కలవండి. ఎముకకు సన్నటి పగులు వచ్చి ఉండవచ్చు. మొదటి వారాల్లో ఎక్స్‌రేలో అది కనిపించకపోవచ్చు. ఎక్స్‌రే బాగుందని మళ్లీ గ్రౌండ్‌కి పరిగెత్తకండి, డాక్టర్ ఎంఆర్ఐ అడిగితే చేయించుకోండి.

మామూలు నొప్పే అయితే మందు ఇంట్లోనే ఉంది. మెట్టు అంచున ముందరి పాదాలతో నిలబడి, గోడ పట్టుకుని, మడమలు పైకి లేపి మెల్లగా కిందికి దించడం. మెట్టు మీద అన్నాను, గడప మీద కాదు, మీ అత్తగారికి ఇంకో కారణం దొరుకుతుంది. దించేటప్పుడు మూడు అంకెలు లెక్కపెట్టాలి. పన్నెండు పదిహేను సార్లు చేసి, కాస్త ఆగి, ఇంకో రెండు విడతలు. రెండు కాళ్లతో తేలికయ్యాక ఒంటికాలితో. మోకాలు కొంచెం వంచి కూడా అదే చేయండి, అప్పుడు పిక్కలో లోపలి కండకు పని పడుతుంది. పాలు కాగేలోపు అయిపోతుంది. నేను చూసినంతలో కొత్తవాళ్లకు ఖరీదైన బూట్లకన్నా ఇదే ఎక్కువ పనిచేసింది.

మోకాలి విషయానికి వస్తే, మెట్లు దిగేటప్పుడు, బాసింపట్టు వేసుకుని చాలాసేపు కూర్చుని లేచేటప్పుడు చిప్ప చుట్టూ నొప్పి అన్నారు. కొత్తగా పరిగెత్తేవాళ్లలో ఇది బాగా కనిపించేదే. అడుగు చిన్నది చేయండి. కాలు చాచి మడమ ముందుకు విసిరి వేయకుండా, పాదం ఒంటి కిందే పడేలా, టకటకా చిన్న అడుగులు వేయాలి. నిమిషానికి పడే అడుగులు మామూలుకన్నా నూటికి ఐదో పదో పెరిగితే చాలు, మోకాలి మీద భారం తగ్గుతుంది. మోకాళ్లు అరిగిపోతాయని భయపెట్టేవాళ్ల కోసం ఒక లెక్క: 2017లో పాత పరిశోధనలన్నీ కలిపి చూసినప్పుడు, సరదాగా పరిగెత్తేవాళ్లలో తుంటి, మోకాలి అరుగుదల నూటికి మూడున్నర మందిలో కనిపిస్తే, పరుగు జోలికే పోనివాళ్లలో నూటికి పది మందిలో కనిపించింది. పోటీలకోసం విపరీతంగా పరిగెత్తేవాళ్లలో పదమూడు దాటింది. పరుగు వల్లే మోకాళ్లు బాగున్నాయని దీన్నిబట్టి తేల్చి చెప్పలేం, కానీ మీరు వేసే నాలుగు రౌండ్లకు అరిగిపోతాయన్న భయం మాత్రం అక్కర్లేదు.

పుట్టిల్లు కనిగిరి దగ్గర అన్నారు కాబట్టి ఒక మాట అదనం. ఆ వైపు బోరు నీళ్లలో ఫ్లోరైడ్ సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు. చిన్నప్పటి నుంచి ఆ నీళ్లు తాగి పెరిగినవాళ్లకు పళ్లమీద గార ఒక్కటే కాదు, కొందరికి మెడ, నడుము, కీళ్లు బిగుసుకుపోతాయి. పొద్దున్నే నడుము వంగకపోవడం, మెడ తిప్పడం కష్టంగా ఉండటం లాంటివి మీకుంటే, పరుగుకు ముందు డాక్టర్‌కి పుట్టి పెరిగిన ఊరి పేరు చెప్పండి. లేకపోతే దీని గురించి మర్చిపోండి.

మెడికల్ షాపులో డైక్లోఫెనాక్ బిళ్ల కొని వేసుకుని పరిగెత్తానని రాశారు. అది మాత్రం వద్దు. నొప్పి మందుబిళ్ల వేసుకుంటే నొప్పి తెలియదు, దెబ్బ పెరుగుతూనే ఉంటుంది. చెమట పట్టి ఒంట్లో నీరు తగ్గిన వేళ ఆ బిళ్లలు కిడ్నీలకు చేటు చేస్తాయి. పశ్చిమ ప్రకాశంలో కిడ్నీ జబ్బుతో బాధపడే కుటుంబాలను మీరూ చూసే ఉంటారు. బిళ్ల వేసుకుంటేగానీ పరిగెత్తలేననిపించిన రోజు ఇంట్లోనే ఉండండి.

ఇక ఆయాసం. వేగం ఎక్కువై ఉండవచ్చని ముందే చెప్పాను. కానీ మూడు నెలలైనా మొదటి రోజులాగే ఉందంటే రక్తం చూపించుకోవాలి. మన రాష్ట్రంలో ఆడవాళ్లలో సగానికి పైగా రక్తం తక్కువ ఉన్నవాళ్లేనని 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తేలింది. గర్భం లేని ఆడవాళ్లకు హిమోగ్లోబిన్ 12 కన్నా తక్కువ ఉంటే రక్తహీనత కిందే లెక్క. 9, 10 పెట్టుకుని దమ్ము రావట్లేదని తమను తాము తిట్టుకునే పిల్లలు ప్రతి బ్యాచ్‌లోనూ ఉంటారు. తిండి తినరని అనుకుంటాంగానీ, నెలసరిలో ఎక్కువ పోవడం కూడా ఒక కారణం, అది ఎవరికీ చెప్పరు. దగ్గర్లోని ప్రభుత్వాసుపత్రిలో పరీక్ష చేయించుకోండి, థైరాయిడ్ కూడా చూడమనండి. ఐరన్ బిళ్లలు ఇస్తే, వేసుకున్న గంటలోపు టీ తాగకండి. తోటకూరో గోంగూరో తిన్నప్పుడు పక్కన నిమ్మకాయ పిండుకోండి. చేప, మాంసం తినేవాళ్లే కాబట్టి మీకు ఇంకా సులువు. ఆయాసంతో పాటు గుండెల్లో బిగపట్టినట్టుండటం, కళ్లు తిరగడం ఉంటే మాత్రం రక్తపరీక్షతో ఆగకుండా గుండె డాక్టర్‌ దగ్గరికే వెళ్లాలి.

అత్తగారి మాట కొట్టిపారేయకండి, ఆమె విన్నదే చెబుతున్నారు. ఒకప్పుడు ప్రపంచమంతా అదే చెప్పేది. 1928 ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌లో ఆడవాళ్లు 800 మీటర్లు పరిగెత్తాక, ఆ దూరం వాళ్ల ఒంటికి ఎక్కువని తీసేశారు. మళ్లీ పెట్టింది 1960లో. ఆడవాళ్ల మారథాన్ ఒలింపిక్స్‌లోకి వచ్చేసరికి 1984 అయింది. పరుగు వల్ల ఎవరి గర్భసంచో జారిందని నేనైతే వినలేదు. మీరు అడగలేదుగానీ, ఇద్దరు పిల్లల తల్లులు సిగ్గుతో నాతో చెవిలో చెప్పే సంగతి ఒకటుంది. పరిగెడుతున్నప్పుడు, తుమ్మినప్పుడు ఒకటి రెండు చుక్కల మూత్రం పడటం. కాన్పు తర్వాత చాలామందికి ఉంటుంది. అక్కడి కండరాలను బిగించి వదిలే వ్యాయామంతో చాలామందికి తగ్గుతుంది. కింద ఏదో బరువుగా దిగినట్టు అనిపిస్తే మాత్రం ఆడ డాక్టర్‌కి చూపించుకున్నాకే పరుగు. ఇంకొకటి, దుపట్టా ఇంట్లో పెట్టేయండి, స్పోర్ట్స్ బ్రా ఒకటి మంచిది కొనుక్కోండి. బూట్లకు పెట్టే డబ్బులో కొంత దీనికి పెడితే నష్టం లేదు.

కుక్కల విషయంలో ఒక్కటే సూత్రం, పరిగెత్తకూడదు. మీరు పరిగెత్తితేనే అవి తరుముతాయి. ఆగిపోయి, వాటివైపు తిరిగి, కళ్లలోకి సూటిగా చూడకుండా మెల్లగా వెనక్కి నడవాలి. గోరు గీసుకున్నా సరే, సబ్బుతో, ధారగా పడే నీళ్లకింద పావుగంట కడిగి, అదే రోజు పెద్దాసుపత్రికి వెళ్లి సూది వేయించుకోవాలి. కారం, పసుపు పెట్టడం లాంటివి చేయొద్దు. స్టేడియం లోపల పరిగెత్తి, ఇంటి నుంచి అక్కడిదాకా బండి మీద వెళితే ఈ గొడవ సగం తగ్గుతుంది.

మైపాడు బీచ్‌లో ఇసుక మీద పరిగెత్తితే కాళ్లకు మెత్తగా ఉంటుందా అన్నారు. పొడి ఇసుకలో మడమ కూరుకుపోయి పిక్కలూ, మడమ వెనక స్నాయువూ విపరీతంగా లాగుతాయి. తడి ఇసుక గట్టిగానే ఉంటుందిగానీ సముద్రం వైపు వాలుగా ఉంటుంది, ఒక కాలు ఎప్పుడూ పల్లంలోనే పడుతుంది. మేమూ కొత్తపట్నం వెళ్తాం, ఆడుకుని చేపలు తిని వస్తాం. ఇంకో ఆరు నెలలదాకా మీకూ అంతే.

వానల గురించి టెన్షన్ పడకండి. నెల్లూరుకి వాన ఎక్కువగా అక్టోబరు నుంచి డిసెంబరు దాకానే కదా, ఏటా ఉండేదే. వాన రోజున ఇంట్లో మెట్ల మీద ఆ మడమల వ్యాయామం, కుర్చీలో కూర్చుని లేవడం చేస్తే ఆ రోజు లెక్కలోకి వచ్చినట్టే. నీళ్లు నిలిచిన రోడ్డు మీద మాత్రం పరిగెత్తకండి, గుంత ఎక్కడుందో తెలియదు. నిజంగా కష్టపెట్టేది ఉగాది తర్వాత. సముద్రం గాలికి తెల్లవారుజామున కూడా చెమట ఆరదు, వేగం దానంతటదే పడిపోతుంది. అప్పుడు మళ్లీ ఒంటికి పడట్లేదని ఉత్తరం రాయకండి. ఎండకు ఒళ్లు అలవాటు పడటానికి పది పద్నాలుగు రోజులు పడుతుంది. ఉప్పేసిన మజ్జిగ తాగుతూ నిదానంగా వెళ్లాలి. రోహిణి కార్తెలో నేను ఎవరినీ ఏడు తర్వాత గ్రౌండ్‌లో ఉండనివ్వను.

ప్లాను చెబుతాను. వారానికి మూడు రోజులు, మధ్యలో ఒక రోజు ఖాళీ. ఐదు నిమిషాలు చురుగ్గా నడిచి, ఒక నిమిషం పరుగు, రెండు నిమిషాలు నడక, ఇలా ఎనిమిదిసార్లు. వారం ఇలా గడిచి, మర్నాడు పొద్దున నొప్పి లేకపోతే రెండో వారం నిమిషంన్నర పరుగు, రెండు నిమిషాల నడక. ఆ తర్వాత ప్రతి వారం పరుగు అరనిమిషమో నిమిషమో పెంచండి. నొప్పి పదికి మూడు దాటితే, లేదా మర్నాటికీ తగ్గకపోతే అదే వారాన్ని మళ్లీ చేయండి. పొద్దున పూట కడుపు ఖాళీగా ఉంటే అరటిపండు చాలు. బూట్లు సాయంత్రం పూట కొనండి, అప్పటికి పాదం కాస్త ఉబ్బి ఉంటుంది. బొటనవేలి ముందు ఒక వేలు పట్టేంత ఖాళీ ఉండాలి. పిల్లల పాత స్కూలు బూట్లు వద్దు.

సంక్రాంతి తర్వాతి రన్‌ సంగతి. అప్పటికి 5 కిలోమీటర్లూ ఆగకుండా పరిగెత్తలేరు, ఆ అవసరమూ లేదు. 1972 ఒలింపిక్స్‌లో అమెరికా తరఫున 10,000 మీటర్లు పరిగెత్తిన జెఫ్ గాలోవే, మామూలు మనుషులకు నేర్పేటప్పుడు పరుగు మధ్యలో నడకను కావాలనే పెట్టాడు. ఆ పద్ధతిలోనే మారథాన్లు పూర్తి చేసినవాళ్లున్నారు. మీరు రెండు నిమిషాలు పరుగు, ఒక నిమిషం నడకగా మొదటి నుంచీ వెళ్లండి. అలిసిపోయాక నడవడం వేరు, అలవకముందే నడవడం వేరు. నలభై ఐదు నిమిషాలు పట్టినా, యాభై పట్టినా చాలు. గుంపులో వెనక నిలబడండి, ముందుంటే కుర్రాళ్ల ఊపుకు మొదటి కిలోమీటరులోనే లాగేస్తారు.

ముందు ఈ వారంలో హిమోగ్లోబిన్ చూపించుకోండి. 12 పైన ఉండి, ఎముక మీద ఆ రూపాయి బిళ్ల నొప్పి లేకపోతే సోమవారం నుంచి మొదటి వారం మొదలు. తక్కువ వస్తే డాక్టర్ ఇచ్చిన మందు వాడుతూ, ఆయన సరే అనేదాకా నడక, మడమల వ్యాయామం మాత్రమే. అప్పుడు సంక్రాంతి రన్‌లో ఐదు కిలోమీటర్లూ నడవండి. రిపోర్టు వచ్చాక అంకె ఎంతో రాయండి, దాన్ని బట్టి మిగతా వారాలు సర్దుతాను.